టెంక నాటిన చోటే తాడి: మా చెరువు గట్టు డైరీ

2024 ఆగస్టు 18, ఆదివారం

ఈ రోజు పొద్దున్న గట్టు కొలిచాం. మదుము (నీళ్ళు వదిలే తూము) దగ్గర నుంచి అలుగు దాకా ఎనిమిది వందల అడుగులు. పది అడుగులకో టెంక చొప్పున రెండు వరుసలు వేస్తే నూట అరవై. ఊరికీ సముద్రానికీ మధ్యనున్న ఇసుక దిబ్బల మీద ఇంకో రెండు వందల నలభై. మొత్తం నాలుగు వందల టెంకలు ఈ వానల్లో నాటాలన్నది మా లెక్క. మేం పద్నాలుగు మందిమి. డ్వాక్రా గ్రూపులో ఉన్న ఐదుగురు ఆడవాళ్ళు, పలాసలో డిగ్రీ చదువుతున్న ఆరుగురు అబ్బాయిలు, వేటకెళ్ళే ఇద్దరు అన్నలు, ట్యూషన్లు చెప్పుకునే నేను.

శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో మాది చిన్న ఊరు. నా చిన్నప్పుడు ఈ గట్టు మీద యాభైకి పైగా తాటిచెట్లు ఉండేవి. ఈ రోజు లెక్కపెడితే పదకొండు. మిగిలినవి తుఫానుకు పోలేదు. ఈ మాట గట్టిగా రాస్తున్నాను, ఎందుకంటే ఊళ్ళో చాలామంది తిత్లీ తుఫానుకే పోయాయని అనుకుంటారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి, జీడితోటలు నేలమట్టమయ్యాయి. మా నాన్న నాటిన కొబ్బరి చెట్లలో రెండే మిగిలాయి. గట్టు మీద తాటిచెట్లు మాత్రం ఆకులు చీలికలై వేలాడుతూ నిలబడే ఉన్నాయి. ఆ తర్వాతే అవి పోయాయి. కొన్ని ఇటుక బట్టీలకు, కొన్ని గట్టు వెడల్పు చేసి దారి వేసినప్పుడు. మేమే అమ్ముకున్నాం, మేమే కొట్టించుకున్నాం. మళ్ళీ నాటాల్సింది కూడా మేమే.

2024 ఆగస్టు 25, ఆదివారం

టెంకలు పోగేసే పని. కల్లు గీసిన తాత ఒకాయన ఉన్నారు మా ఊళ్ళో. ఇప్పుడు చెట్టెక్కడం లేదు, మోకాళ్ళ నొప్పులు. పొద్దున్నే మాతో వచ్చారు. "కొట్టి దింపిన కాయ వద్దు. దానంతటది రాలిన పండే ఏరండి. టెంక ముదిరితేనే మొలక బలంగా దిగుతాది" అన్నారు. కాబట్టి చెట్ల కింద రాలినవే ఏరాం. ఒక్కో పండులో మామూలుగా మూడు టెంకలుంటాయి, కొన్నింటిలో రెండే, ఒకటే ఉన్నవీ దొరికాయి. ఒంటి టెంక పెద్దది, గుండ్రంగా ఉంటుంది.

మధ్యాహ్నానికి తొమ్మిది గోనెసంచులు నిండాయి. గుజ్జు వదిలించడానికి ఆడవాళ్ళందరం రామమందిరం అరుగు మీద కూర్చున్నాం. పీచు మధ్యనుంచి పసుపుపచ్చటి గుజ్జు పిండి, దాంట్లో బియ్యప్పిండి, బెల్లం కలిపి బూరెలు వేశాం. పిల్లలు మూతులన్నీ పచ్చగా చేసుకుని పరిగెత్తారు. ఈ వాసన ఊళ్ళో వచ్చి ఎన్నేళ్ళైందో అని మా పెద్దమ్మ రెండుసార్లు అంది.

నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి పెట్టొచ్చు కదా అని ఒకరిద్దరు అడిగారు. వేపకు, కానుగకు అది కుదురుతుంది. తాడికి కుదరదు. ఎందుకో వచ్చే వారం గుంతలు తీసేటప్పుడు చూపిస్తానన్నారు తాత.

2024 సెప్టెంబరు 1, ఆదివారం

పని లేదు. వాయుగుండం రాత్రి కళింగపట్నం దగ్గర తీరం దాటింది. నిన్నటి నుంచి కుండపోత. గెడ్డ (వాగు) నిండుగా పారుతోంది, చెరువు సగానికి వచ్చింది. టెంకలు తడవకుండా బడి వెనక రేకుల కిందికి చేర్చాం. తీరా తాత వచ్చి, తడవాల్సిందే కదా అని కప్పిన పట్టా లాగేశారు.

2024 సెప్టెంబరు 8, ఆదివారం

గుంతలు మొదలుపెట్టాం. ఈ రోజు నేర్చుకున్నది అన్నిటికంటే ముఖ్యం, అందుకే వివరంగా రాస్తున్నాను.

మామూలు గింజ నాటితే వేరు కిందికి, మొలక పైకి పోతాయి. తాటి టెంకకు మొదట అంతా కిందికే. టెంక ముక్కు దగ్గర పగిలి, తెల్లటి గొట్టంలాంటిది బయటికొచ్చి నేలలోకి దిగుతుంది. మూరెడు, ఇంకా మెత్తగా ఉంటే అంతకంటే లోతుకి. పిలక అనేది టెంకలో ఉండదు, ఆ గొట్టం కొసలో ఉంటుంది. లోతుకు దిగాక అక్కడ ఆగి, టెంకలో ఉన్న తిండినంతా కిందికి లాక్కుని లావెక్కుతుంది. అదే మనం తినే గేగు. మిగతా జిల్లాల్లో తేగ అంటారు. ఆకు ఆ తర్వాత ఎప్పుడో పైకి వస్తుంది. అంటే మొదటి ఏడాది దాదాపు అంతా చెట్టు నేల కిందే బతుకుతుంది. అందుకే కవర్లో పెంచి తెచ్చి నాటితే సాధారణంగా నిలవదు. కవరు జానెడు లోతుంటుంది, దానికి కావాల్సింది మూరెడు. నాటిన చోటు నుంచి పీకితే గొట్టం కొస తెగుతుంది, తెగితే పని అయిపోయినట్టే.

ఇది తెలియకుండా మేం పొద్దున్న జానెడు లోతు గుంతలు ముప్పై తవ్వేశాం. గట్టు మట్టి గట్టి బంక. పోయినేడు యంత్రంతో అణగ్గొట్టిన గట్టు. గునపం దిగితే టంగుమంటోంది. తాత చూసి తల అడ్డంగా ఊపారు. ముప్పై గుంతలూ మళ్ళీ మోకాలి లోతుకు తవ్వి, బంక మట్టి తీసేసి, చెరువు గర్భంలోని వండ్రు, దిబ్బ ఇసుక సగం సగం కలిపి నింపాలి. టెంక మాత్రం పైపైనే, మీద రెండు వేళ్ళ మందం మట్టి కప్పితే చాలు. లోతుగా తవ్వాలి, పైపైన నాటాలి.

సాయంత్రానికి నలభై ఒక్క గుంతలు. చేతులన్నీ బొబ్బలు.

2024 సెప్టెంబరు 22, ఆదివారం

రెండు ఆదివారాలు, మధ్యలో మూడు సాయంత్రాలు పట్టింది. గట్టు పని అయిపోయింది. బయటి వరుస ఎనభై గుంతల్లో టెంకలు నేరుగా నాటాం. లోపలి వరుసకు వేరే పద్ధతి: టెంకల్ని నీడలో కుప్పపోసి, తడి గోనెలు కప్పి, ముక్కు పగిలి మొలక కనిపించాకే నాటాలి. అలా అయితే పుచ్చు టెంకలు ముందే తెలిసిపోతాయి. కానీ మొలక ముల్లంగి మొనలా పెళుసు. చేతిలో అటూ ఇటూ అయితే పుటుక్కున విరుగుతుంది. మోసేటప్పుడు ఏడు విరిగాయి. తట్టలో గడ్డి పరిచి ఒక్క పొరే పేర్చి తేవాలని ఆ తర్వాత తెలిసింది.

2024 సెప్టెంబరు 29, ఆదివారం

దిబ్బల పని. ఇక్కడ వేటకెళ్ళే అన్నల మాటే మేం విన్నాం. అబ్బాయిలు అలల వైపు దాకా వేద్దామన్నారు. అన్న ఒప్పుకోలేదు. "జనవరి నుంచి తాబేళ్ళు గుడ్లు పెట్టేది అక్కడే. అడ్డంగా వేళ్ళు దిగితే అవి గుంత తవ్వుకోలేవు" అన్నాడు. నిజమే. ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రిపూట ఒడ్డెక్కి, మూరెడు లోతు గుంత తీసి, వంద దాకా గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. ఆ ఇసుక దానికి ఖాళీగా ఉండాలి. అందుకని ఊదాపూల తీగ పాకిన చోటు దాటి, దిబ్బకు ఊరి వైపు వాలులోనే నాటాం. సరుగుడు తోట అంచు వెంట రెండు వందల నలభై.

ఇసుకలో పని ఎంత తేలికంటే, గట్టు మీద రెండు వారాలు పట్టినది ఇక్కడ ఒక్క పూటలో అయిపోయింది.

2024 అక్టోబరు 27, ఆదివారం

దానా తుఫాను ఒడిశాలో ధామ్రా వైపు తీరం దాటింది. మాకు గాలి తప్ప పెద్ద నష్టం లేదు. దిబ్బ మీద మాత్రం ఇసుక కదిలి కొన్ని టెంకలు బయటపడ్డాయి, కొన్నింటి మీద అడుగు ఇసుక పేరుకుంది. బయటపడ్డవాటిని కప్పాం. పూడినవాటిని కదపలేదు.

తుఫాను మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఈ ఏడాదే ఒడిశా ప్రభుత్వం పిడుగుపాటు చావులు తగ్గించడానికి తాటిచెట్లు పెద్దఎత్తున నాటించాలని నిర్ణయించింది. ఎత్తుగా ఉన్న చెట్టు మీదే పిడుగు ముందు పడే అవకాశం ఎక్కువ, ఊరి మీద పడేది దాని మీద పడొచ్చు. మా పిల్లలకు చెప్పేటప్పుడు మాత్రం రెండో సగం కూడా గట్టిగా చెప్పాను: అందుకే ఉరుముతున్నప్పుడు తాటిచెట్టు కింద నిలబడకూడదు.

2024 నవంబరు 17, ఆదివారం

చూడాలని ఆగలేక మూడు టెంకలు తవ్వి చూశాం. దిబ్బ మీదది మోచేతి దాటి కిందికి దిగింది, నిటారుగా, తెల్లగా. గట్టు మీద వండ్రు ఇసుక కలిపిన గుంతలో బాగానే ఉంది. మొదట్లో జానెడు లోతు తవ్విన ముప్పైలో ఒకటి మళ్ళీ తవ్వకుండా మిగిలిపోయిందని అనుమానం ఉండేది, అదీ తవ్వాం. గొట్టం బంకమట్టికి తగిలి పక్కకు వంగి, కొస నల్లబడిపోయింది. తాత చెప్పింది కళ్ళతో చూశాం.

2025 జనవరి 8, బుధవారం

రాయడానికి చెయ్యి రావడం లేదు. పొద్దున్న నీళ్ళకెళ్ళిన చెల్లి వచ్చి చెప్పింది, గట్టు మీద గుంతలన్నీ తవ్వేసి ఉన్నాయని. వెళ్ళి లెక్కపెట్టాం. ముప్పై ఏడు. టెంకలు పగలగొట్టి లోపలి మెత్తటి బుర్రగుంజు తినేసి చిప్పలు అక్కడే పడేశారు. గేగులు పట్టుకెళ్ళారు.

అబ్బాయిలకు కోపం ఆగలేదు. కంచె వేద్దామని ఒకరు, పంచాయతీలో జరిమానా పెట్టిద్దామని ఇంకొకరు. నాకూ కోపమే. నెల రోజుల పని, బొబ్బలు, ఆటో బాడుగలు అన్నీ గుర్తొచ్చాయి.

2025 జనవరి 12, ఆదివారం

రామమందిరం దగ్గర కూర్చున్నాం. ఎవరు తవ్వారో ఊరందరికీ తెలుసు, ఎనిమిదో తరగతి పిల్లలు. పేర్లు అడగొద్దని ముందే అనుకున్నాం. జరిమానా మాట రాగానే ఒక ముసలమ్మ లేచింది. "భోగి మంటలో గేగులు కాల్చుకోడం దొంగతనం ఎప్పటినుంచయ్యింది బావూ? మా చిన్నప్పుడు ప్రతి పెరట్లో గేగుల కోసం టెంకలు పాతిన పాతర ఉండేది. ఇప్పుడు ఊరు మొత్తం మీద టెంక దొరికేది మీ గట్టు మీదే. పిల్లలు మరెక్కడ తవ్వుతారు?"

ఎవరం మాట్లాడలేదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మేం ఊళ్ళో ఉన్న తాటిపండ్లన్నీ ఏరుకొచ్చి గట్టు మీద, దిబ్బల మీద పెట్టాం. పిల్లలకు సంక్రాంతి గేగుల్లేకుండా చేసింది మేమే. కాపలా పెట్టి దీన్ని ఆపగలమని నేనిక అనుకోవడం లేదు. చెట్టు ఊరిది కావాలంటే గేగు కూడా ఊరికి దక్కాలి.

రెండు నిర్ణయాలు. ఒకటి, వచ్చే సెప్టెంబరులో నాటే టెంకల కంటే ముందు ఊరందరికీ ఒక పాతర వెయ్యాలి, గుడి పక్క ఖాళీ స్థలంలో. సంక్రాంతికి ఎవరైనా తవ్వుకోవచ్చు. రెండు, గట్టు మీద మిగిలిన గుంతల బాధ్యత ఆ ఎనిమిదో తరగతి పిల్లలకే. ఒక్కొక్కరికి పది. ఒప్పుకున్నారు. ఒకడు ఏడ్చాడు కూడా, తిట్టినందుకు కాదు, గుంతలు ఇచ్చినందుకు అనిపించింది నాకు.

2025 ఫిబ్రవరి 16, ఆదివారం

దిబ్బల మీద అడవిపందులు ఇరవై మూడు గుంతలు పెళ్ళగించాయి. పందులకు గేగు మనకంటే ఇష్టం. సరుగుడు కొమ్మలు, తుమ్మ కంపలు కప్పాం. పని చేస్తుందో లేదో చూడాలి.

2025 మే 22, గురువారం

చెరువు పూడికతీత పనులు జరుగుతున్నాయని తెలుసు. గర్భంలో తీస్తారనుకున్నాం. యంత్రం గట్టెక్కి, బయటి వైపు అంచంతా గీకేసింది. నలభై రెండు గుంతలు పోయాయి. నడిపే కుర్రాడికి అక్కడ చెట్లున్నాయని ఎవరూ చెప్పలేదు. చూస్తే కనిపించేది లేదు, ఆకు ఇంకా రాలేదు. పని చేయించే ఆయన "మొక్కేదమ్మా, చూపించు" అన్నాడు. చూపించలేకపోయాను. నేల కింద రెండడుగుల లోతులో ఉన్నదాన్ని ఎలా చూపించాలి?

తప్పు మాది కూడా. నాటిన రోజే గుర్తు పెట్టాల్సింది. ఇవాళ సాయంత్రమే మిగిలిన ప్రతి గుంత పక్కన సరుగుడు కర్ర పాతి, కొసకు సున్నం పూశాం. ఈ గట్టు మీద ఇక ఏ పని చేసినా ముందు మాకు చెప్పాలని పంచాయతీకి కాగితం రాసిచ్చాం, సర్పంచ్ గారు సంతకం చేసి తీసుకున్నారు. తాటి టెంకలు నాటాలనుకునే ఏ ఊరివాళ్ళకైనా నేను ముందుగా చెప్పేది ఇదే: టెంకతో పాటు కర్ర పాతండి.

2025 జూన్ 29, ఆదివారం

ఆకు వచ్చింది!

దిబ్బ మీద మొదట చూసింది ఎనిమిదో తరగతి, సారీ, ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్లాడు. విసనకర్రలాంటి తాటాకు కాదది. సన్నగా, పొడుగ్గా, మడతలు మడతలుగా ఉన్న ఒకే ఒక్క ఆకు, గడ్డిపోచ అనుకుని పీకేస్తారు తెలియనివాళ్ళు. చేత్తో తాకితే గరుకు. ఆ ఒక్కటి చూశాక కళ్ళు అలవాటుపడి వరసగా కనిపించడం మొదలైంది. పదకొండు లెక్కపెట్టాం. అప్పుడే తిరిగొచ్చేశాం, ఎందుకంటే పనస పండ్లకు ఎలుగుబంట్లు తోటల్లోకి దిగే రోజులివి. మసక చీకట్లో దిబ్బ వైపు ఎవరూ వెళ్ళకూడదని మాకు మేం పెట్టుకున్న నియమం. ఎంత సంబరమైనా ఆ నియమం తప్పలేదు.

తాత ఇంటికెళ్ళి చెప్పాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఎన్ని పోతువి, ఎన్ని పెంటివి?" అబ్బాయిలు బిత్తరపోయారు. తాడిలో మగ చెట్టు, ఆడ చెట్టు వేరువేరు. పూత పూసేదాకా ఏది ఏదో తెలియదు. పూత రావడానికి పన్నెండు, పదిహేనేళ్ళు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఆయనకు ఎనభై దగ్గర పడుతున్నాయి. "నానుండను గానీ, నువ్వు లెక్క రాసి ఉంచమ్మా" అన్నారు. ఈ డైరీ రాయడం మానకూడదని ఆ మాటతో గట్టిగా అనుకున్నాను.

2025 ఆగస్టు 24, ఆదివారం

పూర్తి లెక్క. గట్టు మీద నూట అరవైలో పిల్లలు తవ్వినవి ముప్పై ఏడు, యంత్రానికి పోయినవి నలభై రెండు. మిగిలిన ఎనభై ఒకటిలో ఆకు వచ్చినవి యాభై రెండు. దిబ్బ మీద పందులు పెళ్ళగించిన ఇరవై మూడు పోగా రెండు వందల పదిహేడు, ఆకు వచ్చినవి నూట ముప్పై ఒకటి. నాలుగు వందలకు నూట ఎనభై మూడు.

మొలక వచ్చాక నాటిన లోపలి వరుసలో ముప్పై మూడు, నేరుగా నాటిన బయటి వరుసలో పంతొమ్మిది. మొలక పద్ధతే మేలని అబ్బాయిలు వెంటనే తేల్చేశారు. నేను ఒప్పుకోలేదు. యంత్రం గీకింది బయటి వరుసనే కదా. ఈ పోలిక చెల్లదు. ఈ ఏడాది ఒకే వరుసలో ఒకటి విడిచి ఒకటి రెండు పద్ధతుల్లో వేసి చూస్తే నిజం తెలుస్తుంది.

ఆకు రాని వాటిని ఇప్పుడే తవ్వొద్దన్నారు తాత. ఇంకో వానాకాలం చూడమన్నారు.

గట్టు మీది పాత తాటిచెట్లలో రెండింటికి గిజిగాళ్ళ గూళ్ళు వేలాడుతున్నాయి. చెరువు వైపుకే అల్లాయి అన్నీ.

2025 సెప్టెంబరు 14, ఆదివారం

అనుకున్నట్టే పాతర ముందు వేశాం. గుడి పక్కన ఇసుక మట్టి కలిపి నడుము ఎత్తు మెరక పోసి, పైన తొమ్మిది వందల టెంకలు ఒకదానికొకటి ఆనించి పరిచి, పల్చగా మట్టి కప్పాం. మా పదకొండు చెట్ల పండ్లు చాలలేదు, పక్క రెండు ఊళ్ళ నుంచి ట్రాక్టర్లో తెచ్చాం. ట్రాక్టర్ ఇచ్చిన రైతు డీజిల్ డబ్బులు తీసుకోలేదు, సంక్రాంతికి ఒక కట్ట గేగులు పంపమన్నాడు. జనవరిలో మాట్లాడిన ముసలమ్మ కుర్చీ వేయించుకుని కూర్చుని, టెంకల ముక్కు ఎటు ఉండాలో ప్రతి పిల్లాడికీ చెప్పింది. భోగి ముందురోజు మొదటి పార తనే వెయ్యాలట.

తర్వాత గట్టెక్కాం. బయటి వరుస ఖాళీల్లో ముప్పై ఎనిమిది టెంకలు నాటాం, ప్రతిదాని పక్కన సున్నం పూసిన కర్ర. చీకటి పడేసరికి ఆపేశాం. ఇంకో అరవై టెంకలు బడి వెనక తడి గోనెల కింద ఉన్నాయి. వచ్చే ఆదివారం దిబ్బకు.